మా బల్ల నది వైపు

జనవరి 4, 1847

ఈ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు. మా ఊరి సభకు పదేళ్లుగా మోడరేటరుని నేను. సభ నడిపేవాడు ఏ పక్షమూ పట్టకూడదు, ఓటు వేయకూడదు, బజారులో నిలబడి అభిప్రాయాలు పారేయకూడదు. రెండు వైపులా ఓట్లు సమానమైతే మాత్రం తనూ దిగి ఒక వైపు తేల్చాలి. దేవుడి దయవల్ల ఈ పదేళ్లలో అలాంటి అవసరం రాలేదు. నోరు కట్టుకున్న మనిషికి మాటలు పోసుకోవడానికి ఏదో ఒక పీపా కావాలి. అదే ఇది.

ఇవాళ అభిప్రాయమేమీ లేదు. మంచు పడింది.

జనవరి 6

మన అమెరికాకు మెక్సికోతో యుద్ధం మొదలై ఎనిమిది నెలలు కావస్తోంది. మన నేల మీద మన వాళ్ల నెత్తురు పారించారు గనక కొట్టాల్సిందే అంటారు డెమొక్రాట్లు. అది మన నేల ఎప్పుడైంది, దొంగిలించబోయి దెబ్బ తిన్నాం అంటారు వాళ్ల ఎదుటి పార్టీ విగ్గులు. నేను విగ్గునే. విగ్గులు మళ్లీ రెండుగా చీలారు. బానిసల్ని పెట్టుకోవడానికి కొత్త నేల కావాలని పొరుగువాడి పెరడు లాక్కోవడం పాపం అని కేకలేసేవాళ్లు మనస్సాక్షి విగ్గులట. పాపమే గానీ కాస్త మెల్లగా అనండి, దక్షిణాది వాళ్లకు కోపమొస్తే మన మిల్లులకు దూది ఎవడిస్తాడు అనేవాళ్లు దూది విగ్గులట. నా బావమరిది ఒబెడ్ మొదటి రకం.

"మరి నువ్వే రకం బావా?" అని అడిగాడు, భోజనం దగ్గర.

"నేను మోడరేటరుని."

"అది రకం కాదు, గోడ మీద పిల్లి కూర్చునే చోటు."

వాడి అక్క హల్డా, అంటే నా భార్య, నవ్వు ఆపుకోవడానికి రొట్టె కోసే వంకతో అటు తిరిగింది. చూశాను.

జనవరి 9

కర్నల్ బ్లాడ్జెట్ సత్రం ముందు డప్పు వాయిస్తున్నారు. సైన్యంలోకి వలంటీర్లు కావాలట. సత్రం ఆయనదే, అందులోని తపాలా ఆఫీసూ ఆయన చేతిలోదే. ప్రెసిడెంటు లాగే డెమొక్రాట్ పార్టీవాడు గనక ఊరి జాబులన్నీ ఆయన చేతుల మీదుగానే పోవాలి. కర్నల్ అనేది ఊరి కవాతు దళంలో వచ్చిన బిరుదు. ఆయన తుపాకీకి ఇంతవరకు ఎదురైంది గుమ్మడికాయలే.

మధ్యాహ్నం మా అబ్బాయి ఆసా నా పీపాల కొట్టంలోకి వచ్చాడు. నేను పీపాకు కట్టు బిగిస్తున్నాను. వాడు కాసేపు చెక్క పేడులు కాలితో కెలికి, "నాన్నా, నేను వెళ్లనా?" అన్నాడు.

ఎక్కడికి అని అడగలేదు. డప్పు వినిపిస్తూనే ఉంది.

"ప్రతిదానికీ రెండు వైపులుంటాయిరా" అన్నాను. రెండు వైపులూ చెప్పాను. దేశం పిలిచినప్పుడు వెళ్లడంలో ఉన్న గౌరవం చెప్పాను. పిలుపు అన్యాయమైనప్పుడు వెళ్లకపోవడంలో ఉన్న గౌరవమూ చెప్పాను. చాలాసేపే చెప్పాను. వాడికి ఇరవై ఏళ్లు. సొంత బుర్రతో ఆలోచించుకోవాలి. ఏ తండ్రైనా అంతకన్నా నిష్పక్షపాతంగా చెప్పలేడు.

వాడు "సరే నాన్నా" అని ఇంకాసేపు నిలబడ్డాడు. ఇంకేదో అంటాననుకున్నాడేమో.

జనవరి 12

ఆసా సంతకం పెట్టేశాడు.

హల్డా చిక్కుడుగింజల కుండ పొయ్యి మీంచి దించి, "మిమ్మల్ని అడిగాడా?" అంది.

"అడిగాడు."

"ఏం చెప్పారు?"

"రెండు వైపులూ చెప్పాను."

కుండ అక్కడే వదిలేసి బయటికి వెళ్లింది. గింజలు చల్లారిపోయాయి. నేను నిష్పక్షపాతంగానే చెప్పాను.

జనవరి 30

వెళ్లాడు. రాష్ట్రం వాళ్లకు బట్టలు ఇవ్వలేదు. శాసనసభలో మా విగ్గులే ఒక్క పైసా రాల్చలేదు. పలచటి కోటుతో బండెక్కాడు. బండి మలుపు తిరిగే దాకా హల్డా చెయ్యి ఊపింది. చెయ్యి దించాక నా వైపు చూడలేదు. నాకు బెంగగా ఉంది.

ఫిబ్రవరి 8

హల్డా మేజోళ్లు అల్లుతోంది. పగబట్టినట్టు అల్లుతోంది. ఈ యుద్ధాన్ని ఊళ్లో అందరికన్నా గట్టిగా తిట్టేది ఈమె. ఉండబట్టలేక, "యుద్ధం తప్పంటావు, సైన్యానికి మేజోళ్లు అల్లుతావు. ఎలా కుదురుతుంది?" అన్నాను.

"యుద్ధం తప్పు. వాడి కాళ్లేం తప్పు చేశాయి?" అంది, అల్లిక ఆపకుండా.

ఇంత సులువుగా ఎలా తేల్చేస్తుందో అర్థం కాదు.

ఫిబ్రవరి 15

బోస్టన్ నుంచి ఉప్పు మాంసం పీపాలకు ఆర్డరు రెట్టింపయింది. ఎవరికని అడగలేదు. పీపాలో ఏం పోస్తారో, ఎక్కడికి పంపుతారో చూడటం పీపాలవాడి పని కాదు. కారకుండా చేయడమే మన పని.

ఫిబ్రవరి 20

మార్చి సభలో చర్చించే విషయాల పట్టీ మా చర్చి గుడి తలుపుకు కొట్టారు, సభ జరిగేదీ అందులోనే. చివరి అంశం ఒబెడ్ పెట్టింది. ఈ యుద్ధం అన్యాయమైనదని మన ఊరు ప్రకటించాలి, దీనికి ఇకపై ఒక్క మనిషినీ ఒక్క డాలరునూ ఇవ్వొద్దని మన ప్రతినిధిని ఆదేశించాలి. అదీ తీర్మానం.

ఒక్క డాలరూ ఇవ్వొద్దు. అంటే ఆసా కంచంలోకి ఏం వస్తుంది?

మోడరేటరుకు ఓటు లేకపోవడం ఎంత మంచి నియమమో.

మార్చి 1

ఊరి సభ. దారులు, కంచెలు, బడి, పందుల్ని వదిలేసేవాళ్ల మీద జుల్మానా, అన్నీ అయ్యాయి. ఒబెడ్ అంశం వచ్చేసరికి మూడు దాటింది. దారుల్లో బురద. దూరం నుంచి వచ్చినవాళ్లు ఇళ్లకు చేరాలి. సభను మే నెలకు వాయిదా వేశాను. బురద చాలా ఎక్కువగా ఉంది.

ఇంటికొచ్చాక హల్డా నా బూట్లు తీసి చూసి, "బురద అంతగా లేదే" అంది.

మార్చి 2

ఎండ కాసింది. దారి ఎండిపోయింది.

ఏప్రిల్, ఉపవాస దినం

పాస్టరు గారు యుద్ధం పాపమని ప్రసంగించారు. దూది విగ్గులు కొందరు మధ్యలో లేచి వెళ్లిపోయారు. బ్లాడ్జెట్ లేవలేదు, గురక పెట్టాడు. మా బల్ల మీద ఆసా కూర్చునే మూల ఖాళీగా ఉంది. మా గుడిలో ఎవరి బల్ల వారిది. చుట్టూ చెక్క, చిన్న తలుపు, గడియ. మాది మా తాత కొన్నది. ఎనిమిదేళ్లప్పుడు ప్రసంగం వినలేక ఆసా ఆ మూల చెక్క మీద చాకుతో చిన్న పీపా బొమ్మ చెక్కాడు. అప్పుడు వీపు మీద రెండు వేశాను. ఇవాళ దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

ఏప్రిల్ 29

ఆసా జాబు. మెక్సికోలోని మాటమోరస్ నుంచి. హల్డా పైకి చదివింది. ఒబెడ్ కూడా ఉన్నాడు.

"ఇక్కడ ఒక ముసలావిడ మొక్కజొన్న రొట్టెలిచ్చింది, మన రొట్టెలకన్నా పలచన. డబ్బిస్తే తీసుకోలేదు. మర్నాడు మా కంపెనీ ఆవిడ కంచె పీకి పొయ్యిలో పెట్టింది. నేనూ రెండు కర్రలు మోశాను. కూడు ఉడకాలి కదా. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. ఇక్కడికి ఎందుకొచ్చామో కెప్టెను వివరించాడు గానీ నేను వెనకవరసలో ఉన్నాను, సరిగా వినపడలేదు. కాళ్లు పుళ్లు పడ్డాయి. మేజోళ్లు పంపండి."

"చూశావా! ఈ జాబు సభలో చదవాలి" అన్నాడు ఒబెడ్.

సాయంత్రం తపాలా దగ్గర బ్లాడ్జెట్. "మీవాడి కాళ్లు పుళ్లు పడ్డాయటగా? మీ బావమరిది నోరు అంతకన్నా పుండు. ఆ జాబు సభలో చదవండి, కుర్రాళ్లు ఏ స్థితిలో ఉన్నారో ఊరికి తెలుస్తుంది."

ఇద్దరికీ అదే జాబు కావాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. జాబు నా కోటు జేబులోనే ఉంచుకున్నాను.

మే 3

వాన.

మే 11

ఆ ముసలావిడ కంచె గురించి ఆలోచిస్తున్నాను. మన కంచె ఎవడైనా పీకితే తుపాకీ తీస్తాను. అది నిజం. ఆ కర్రలు మోసింది ఆసా అయితే వాడికి కూడు ఉడికిందా అని అడుగుతాను. అదీ నిజమే.

నాకు ఏ పక్షమూ లేదు.

మే 18

సభ నిన్న జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గుడి నిండిపోయింది. ఆడవాళ్లంతా పైన మేడ వసారాలో కూర్చున్నారు, వాళ్లకు ఓటు లేదు, చూపులున్నాయి. ఒబెడ్ గంటసేపు మాట్లాడాడు. మిల్లు మేనేజరు లేచి, యుద్ధం విచారకరమే గానీ 'అన్యాయం' అనే మాట తీసి 'అకాలం' అని పెడదామన్నాడు. "దొంగతనం రాత్రి చేస్తే అకాలం, పగలు చేస్తే సకాలమా?" అని ఎవరో అరిచారు. బల్ల మీద సుత్తితో కొట్టి ఆపాను.

అప్పుడు బ్లాడ్జెట్ లేచాడు. ఎగతాళి లేదు, గొంతు తగ్గించే మాట్లాడాడు. "తప్పో ఒప్పో, మన పిల్లలు అక్కడున్నారు. ఒక్క డాలరూ ఇవ్వొద్దంటున్నారు మీరు. అంటే వాళ్ల కంచంలో కూడు లాగేస్తారన్నమాట. అదుగో, మోడరేటరు గారి అబ్బాయి కూడా ఉన్నాడు అక్కడ. పాపం ఆయనకు నోరు లేదు. ఉంటే ఏమనేవారో ఆలోచించండి."

ఒబెడ్ మళ్లీ లేచాడు. "ఆ పిల్లల్ని ఆకలితో మాడ్చమని కాదు, ఇంటికి తెమ్మంటున్నాను. డబ్బు పోసినన్నాళ్లూ వాళ్లను రానివ్వరు. ఇంతకన్నా ఏం చెప్పను?"

ఇద్దరూ నన్నే చూశారు. ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అదే నా ఖర్మ, ఎవరు మాట్లాడుతుంటే వారిదే నిజమనిపిస్తుంది.

అవును, కాదు అని అరిపించి చూశాను, కేకలతో తేలలేదు. సభను రెండుగా విడగొట్టాలి. అంటే అవుననేవాళ్లంతా లేచి గుడిలో ఒక వైపుకు, కాదనేవాళ్లు రెండో వైపుకు నడవాలి. వైపులు చెప్పేది మోడరేటరే. చెప్పాను. అవునన్నవాళ్లు నది వైపు, కాదన్నవాళ్లు కొండ వైపు.

నడిచారు. అన్నదమ్ములు విడిపోయి నడిచారు. ముసలి టోల్మన్ యుద్ధం పక్షాన కొండ వైపు వెళ్లి, కాళ్లు నొప్పెట్టాయేమో, లెక్క మధ్యలో నెమ్మదిగా నది వైపు వచ్చి తన బల్ల తలుపు తీసుకుని కూర్చున్నాడు.

"తాతా, అటు వెళ్లాలి!"

"ఎందుకెళ్లాలి? ఈ బల్ల నాది. ముప్పై ఏళ్ల కింద డబ్బిచ్చి కొన్నాను."

అందరూ నవ్వారు. చెయ్యి పట్టుకుని కొండ వైపు దించారు. ఆ కాస్త నవ్వుకే నా ప్రాణం లేచొచ్చింది, గొడవ ఇలాగే తేలిపోతుందనుకున్నాను.

లెక్క పెట్టారు. సమానం. మళ్లీ పెట్టమన్నాను. సమానం.

"బావా, దిగు" అన్నాడు ఒబెడ్.

భయమేసింది. వేదిక దిగాను. రెండు గుంపుల మధ్య నడవా ఖాళీగా ఉంది. రెండు మాటలు చెప్పి ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి అడుగుదామని అనుకున్నాను, ఒట్టు. కోటు జేబులో ఆసా జాబు ఉంది, దాని మీద చెయ్యి ఉంది. ఆ తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే నేను కూర్చుని ఉన్నాను. మా బల్ల మీద. ఆసా మూలలో. చెక్క మీది పీపా బొమ్మ మోచేతికి తగులుతోంది.

మా బల్ల నది వైపు.

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒబెడ్ వైపు వాళ్లు అరిచిన అరుపుకు కిటికీలు అదిరాయి. బ్లాడ్జెట్ నడవాలోకి వచ్చి, నా ముందు నిలబడి, "కన్నకొడుకయ్యా" అన్నాడు. అంతే. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

పొరపాటున కూర్చున్నాను, టోల్మన్ లాగే అలవాటు కొద్దీ వచ్చాను అని నోటిదాకా వచ్చింది. లేచి నిలబడితే సరిపోయేది. లేవలేదు. తలుపు గడియ కూడా నేనే పెట్టుకున్నానని ఒబెడ్ అంటున్నాడు. నాకు గుర్తు లేదు.

మే 19

పొద్దున గంజి పెడుతూ హల్డా అడిగింది.

"ఎప్పుడూ అవుననేవాళ్లని కొండ వైపే కదా పంపుతారు. మొన్న మార్చారెందుకు?"

"నది వైపు నేల చెమ్మగా ఉంది. కాదనేవాళ్లలో ముసలివాళ్లు ఎక్కువ, జలుబు చేస్తుందని."

"ఓహో. మా తమ్ముడికి జలుబు చేస్తే ఫరవాలేదు."

నేను గంజి తాగాను. ఆమె నా పక్కన కూర్చుంది. జనవరి తర్వాత నా పక్కన కూర్చోవడం ఇదే మొదలు.

"మన బల్ల ఎటుందో మీకు తెలియదా?" అంది మెల్లగా.

తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ వైపులు చెప్పినప్పుడు అది మనసులో లేదు. లేదనే అనుకుంటున్నాను.

జూన్ 7

బ్లాడ్జెట్ మనుషులు పీపాలు కొనడం మానేశారు. మోడరేటరు పని వదిలేశాను. వదలమని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు.

జూన్ 21

బోస్టన్ పీపాలు ఎవరికని చివరికి అడిగించాను. సైన్యానికే. తెలియనిదా?

ఒక్క డాలరూ ఇవ్వొద్దని కూర్చున్న మనిషి అదే సైన్యానికి మాంసం పీపాలు చేస్తున్నాడు. మానేద్దామనుకున్నాను. ఆ మాంసం ఆసా తింటాడేమో. చేద్దామనుకున్నాను. ఆ మాంసం తిని ఇంకెవరి కంచె పీకుతారో. చేస్తూనే ఉన్నాను. వేడినీళ్లు పోసి ఒక్కోదాన్నీ రెండుసార్లు పరీక్షిస్తున్నాను, కారితే మాంసం కుళ్లుతుంది.

హల్డాతో చెప్పాను. "నేను మేజోళ్లు అల్లడం లేదూ?" అంది. ఫిబ్రవరిలో అర్థం కానిది ఇవాళ కొంచెం అర్థమైంది. పూర్తిగా కాదు.

జూలై 4

స్వాతంత్ర్య దినానికి ఫిరంగులు పేల్చారు. వెళ్లలేదు.

ఆగస్టు 10

ఆసా జాబు, మాంటెరీ నుంచి. పైన నా పేరే ఉంది. బ్లాడ్జెట్ నా మొహం చూడకుండా బల్ల మీదికి తోశాడు. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

"నాన్నా, జ్వరం తగ్గి మళ్లీ వస్తోంది, అమ్మకు చెప్పకు. మన ఊరి సంగతి పత్రికలో పడింది. మా వాళ్లు చదివి నా మీద పడ్డారు, మీ నాన్న మన కూడు ఆపమని ఓటేశాడటగా అని. మా నాన్న సంగతి మీకు తెలీదు, పుట్టి బుద్ధెరిగాక ఆయన ఏ వైపూ ఉండలేదు, కాళ్లు నొప్పెట్టి మా బల్ల మీద కూలబడి ఉంటాడు, చూసినవాళ్లు ఓటనుకుని ఉంటారు అన్నాను. అందరూ నవ్వారు. గొడవ సద్దుమణిగింది. కానీ నాకు మాత్రం తెలుసుకోవాలని ఉంది. పొరపాటేనా? నాకు కోపం లేదు. పొరపాటైతే పొరపాటని రాయి. కాకపోతే కాదని రాయి. రెండు వైపులూ మాత్రం రాయకు."

ఆగస్టు 11

రాయడానికి కూర్చున్నాను. 'ప్రియమైన ఆసా, ఈ విషయంలో ఆలోచించాల్సినవి ఏమిటంటే' అని మొదలైంది. చింపేశాను. ఇంకోటి రాశాను. అదీ అలాగే వచ్చింది. నా చెయ్యి వేరేలా రాయదు.

ఏడ్చాను. ఆ వేళకు ఇంట్లో ఎవరూ లేరు.

ఆగస్టు 12

హల్డా చింపిన కాగితాలు చూసింది. జాబు ఆమెకూ చూపించాను, జ్వరం సంగతితో సహా. దాచడం చాలనిపించింది. ఆమె చదివి, కళ్లు తుడుచుకుని, "వాడు అడిగింది ఒక్కటే" అంది.

ఆగస్టు 14

రాశాను. మూడు వాక్యాలు.

పొరపాటు కాదు. నువ్వు వెళ్లడం నాకు ఇష్టం లేదు. తిరిగి రా.

మొదటిది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. రాసేశాను గనక ఇక వెనక్కి తీసుకోను. రెండోది మాత్రం నిజం. డప్పు మోగిన రోజు కూడా నిజమే. హల్డా చదివి మడిచి, అంచు గోటితో నొక్కి నా చేతిలో పెట్టింది.

తపాలా దగ్గరికి వెళ్లాను. బ్లాడ్జెట్ అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఇంత పలచగా ఉందేం? మీరు రాసేవి ఇటుకల్లా ఉంటాయిగా."

"చెప్పాల్సింది కొంచెమే."

ముద్ర వేశాడు. నా మొహంలోకి చూశాడు. మే నెల తర్వాత సరిగా చూడటం ఇదే. గొంతు తగ్గించి, "మాంటెరీలో జ్వరాలు ఎక్కువగా ఉన్నాయట. జాబులు ఆలస్యమవుతున్నాయి. ఇది అందుతుందో అందదో" అన్నాడు.

అలాంటి మాటకు నా దగ్గర ఎప్పుడూ ఉండే జవాబు ఒకటుంది. అందవచ్చు, అందకపోవచ్చు, రెంటికీ సిద్ధంగా ఉండాలి.

"అందాలి" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, సత్రంలో తాగుతున్నవాళ్లు ఇటు తిరిగి చూశారు.